మిద్దె మీద అనాస: ఆకుల లెక్క, గ్రాముల లెక్క

హైదరాబాద్, రెండంతస్తుల ఇల్లు, పడమటి ఎండ నేరుగా పడే మిద్దె, బోరు నీళ్లు. జూన్ 2023లో 14 మొక్కలతో మొదలైంది, జులై 2025లో ఆఖరి పండు కోశాను. అనాస బకెట్లో కాస్తుందా అని అడిగితే కాస్తుంది. ఎన్నాళ్లకు అని అడిగితే మాత్రం నెలల్లో చెప్పలేను, ఆకుల్లో చెప్తాను. ఈ మొక్క వయసు చూసి కాయదు, ఒళ్లు చూసి కాస్తుంది. కింద రాసిన కొలతలన్నీ అందుకే.

దశ 1: మొక్కలు తయారు చేయడం (జూన్ 2023)

రెండు రకాలు తెచ్చాను. తోపుడు బండి మీద కొన్న పండ్ల తలలు (పండు పైన ఉండే ఆకుల కుచ్చులు) 6. ఇవి కేరళ నుంచి వచ్చే మారిషస్ రకం, ఆకు అంచు పొడుగునా ముళ్లే. రెండోది పిలకలు 8. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లో సవర రైతులు అనాస బాగా వేస్తారు, అక్కడి తోటలోవి మా బావగారు పాలకొండ నుంచి బస్సు పార్సిల్‌లో పంపారు. నాకు వచ్చినవి క్యూ రకం, ముళ్లు ఆకు కొసన తప్ప ఉండవు. మిద్దె మీద తిరగాలంటే క్యూ నయం, మారిషస్ పక్కనుంచి వెళ్తే లుంగీ చిరగడం ఖాయం.

తలతో పెంచితే పండుకు దాదాపు రెండేళ్లు, పిలకతో అయితే ఏడాదిన్నర. పిలకలో సరుకు ముందే ఉంటుంది, తల చిన్నగా మొదలుపెట్టాలి. ఫ్రీగా వస్తుంది కదా అని అన్నీ తలలే పెట్టకండి.

తల తయారీ ఇలా:

1. కత్తితో కోయొద్దు. పండు ఒక చేత్తో, తల ఒక చేత్తో పట్టుకుని మెలితిప్పితే గుజ్జు అంటకుండా ఊడి వస్తుంది.
2. అడుగు నుంచి ఆకులు ఒక్కొక్కటే కిందికి లాగి తీసేయండి. రెండు సెంటీమీటర్ల కాడ బయటపడేసరికి దాని మీద గోధుమరంగు బొడిపెలు కనిపిస్తాయి. వేర్లు వచ్చేది అక్కడి నుంచే.
3. నీడలో బోర్లా పెట్టి వారం ఆరబెట్టండి. ఊడి వచ్చిన చోట గట్టిపడాలి.
4. నాటేటప్పుడు మొవ్వులో, అంటే నడిమి లేత ఆకుల మధ్య, మట్టి పడకూడదు.

ఆరింటిలో రెండు కుళ్లాయి. ఆ రెండూ బండివాడు కత్తితో కోసి ఇచ్చినవే, కింద వేలెడు గుజ్జు ఉండిపోయింది. మొదట చీమలు పట్టాయి, తర్వాత బూజు, పదిరోజుల్లో ముట్టుకుంటే మెత్తగా అయిపోయాయి. గ్లాసు నీళ్లలో పెట్టి వేర్లు తెప్పించే వీడియోలు బోలెడు ఉన్నాయి, వేర్లు వస్తాయి కూడా, కానీ నీళ్లలో పుట్టిన వేరు మట్టిలోకి మారాక మళ్లీ కొత్తగా మొదలుపెడుతుంది. ఆ శ్రమ దండగ.

లెక్క: మొక్కలు 12 (తలలు 4, పిలకలు 8). ఖర్చు: పిలకలు పార్సిల్‌తో 320, పాత పెయింట్ బకెట్లు 20 లీటర్లవి 12కి 1,080, మట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ 1,150. మొత్తం రూ. 2,550.

దశ 2: మొవ్వు కుళ్లు (ఆగస్టు 2023)

మొదటి మిశ్రమం మిద్దెతోట వాళ్లందరూ వాడేదే: మట్టి మూడో వంతు, కోకోపీట్ మూడో వంతు, వర్మీకంపోస్ట్ మూడో వంతు. వంకాయకు, టమాటాకు బ్రహ్మాండంగా పనిచేసింది. జులై ఆఖర్లో వరసగా ముసురు పట్టేసరికి మూడు మొక్కల్లో నడిమి ఆకులు లేత పసుపుకు తిరిగాయి. మిగతా ఆకులు పచ్చగానే ఉన్నాయి కాబట్టి పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నడిమి ఆకు పట్టుకుని లాగితే పట్టు లేకుండా చేతిలోకి వచ్చేసింది, మొదలు తెల్లగా చీమిడిలా, ముక్కు మూసుకునేంత వాసన. అదే ఫైటోఫ్తోరా కుళ్లు, నీరు నిలిచిన మట్టిలో బూజులాంటి సూక్ష్మజీవి తెచ్చే జబ్బు. ఆ దశకు వచ్చాక మందు లేదు, పీకి పారేయడమే.

బావగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "మా కొండ మీద నీరు నిలిస్తే కదా కుళ్లడానికి! వాలు మీద వేస్తారు, పడ్డ నీరు పడ్డట్టే దిగిపోద్ది" అన్నారు. అనాస వేరు పైపైనే, చాలామటుకు జానెడు లోతులోనే. పైగా ఆకుల సందుల్లో నిలిచిన నీటిని, ఎరువును కూడా మొక్క నేరుగా తీసుకుంటుంది. కాబట్టి బకెట్ అడుగున తేమ నిలవ ఉంచి దానికి మనం చేసే మేలేమీ లేదు.

అప్పుడు ఒక పరీక్ష పెట్టాను. తడిసి ఉన్న బకెట్లో లీటరు నీళ్లు పోసి, పైన నీళ్లు ఇంకిపోవడానికి ఎంతసేపో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడటం. పాత మిశ్రమం ఆరు నిమిషాలు దాటింది. మార్చినవి ఇవి:

1. కోకోపీట్ పూర్తిగా తీసేశాను. ఎర్రమట్టి సగం, దొడ్డు ఇసుక మూడో వంతు, మిగతాది వర్మీకంపోస్ట్.
2. అడుగు చిల్లులతో పాటు పక్కన, అడుగు నుంచి అంగుళం ఎత్తులో ఇంకో నాలుగు చిల్లులు. అడుగు చిల్లులు మిద్దెకు అతుక్కుని మూసుకుపోతాయి.
3. ప్రతి బకెట్ కింద రెండు ఇటుక ముక్కలు.

ఇప్పుడు అదే పరీక్షలో నిమిషం లోపే. ఆ తర్వాత రెండు వర్షాకాలాలు గడిచాయి, కుళ్లు మళ్లీ రాలేదు.

లెక్క: మొక్కలు 9 (తలలు 3, పిలకలు 6). ఇసుక, ఎర్రమట్టి 450. మొత్తం రూ. 3,000.

దశ 3: పసుపు ఆకులు (అక్టోబరు 2023 – జనవరి 2024)

వానలు ఆగాక బోరు నీళ్ల మీదికి వచ్చాను. నెలన్నరలో కొత్త ఆకులు పాలిపోయిన పసుపు రంగులో రావడం మొదలైంది. పాత ఆకులు పచ్చగానే ఉన్నాయి. నత్రజని లోపమైతే ముందు పాత ఆకు పసుపెక్కాలి, ఇక్కడ తిరగబడింది. అయినా నమ్మకం కోసం ఒక మొక్కకు యూరియా ఇచ్చి చూశాను, ఏమీ మారలేదు. ఇది ఇనుము లోపం.

కారణం నీళ్లు. మా బోరు నీటి టీడీఎస్ (కరిగి ఉన్న ఉప్పుల కొలత) 870, పీహెచ్ (పులుపు, క్షారం కొలత; 7 దాటితే క్షారం) స్ట్రిప్ మీద 8. అనాసకు 4.5 నుంచి 5.5 దాకా ఉండే పుల్లటి నేల కావాలి. క్షారం పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా కరగదు, వేరుకు అందదు. మట్టిలో వేసే ఇనుముకూ అదే గతి కాబట్టి ఆకు మీదే ఇవ్వాలి:

1. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న ఉప్పు) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము. నిమ్మ ఉప్పు ముందు కలపాలి, లేకపోతే బోరు నీటిలో అన్నభేది తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది.
2. పొద్దుగూకాక ఆకులు తడిసేలా పిచికారీ.
3. పది రోజులకొకసారి, మూడుసార్లు.

మూడు వారాలకు మొవ్వులోంచి వచ్చే ఆకు పచ్చగా వచ్చింది. అప్పటికే పసుపెక్కినవి పూర్తిగా తేరుకోవు, వాటిని చూసి కంగారుపడి ఇంకా ఇంకా కొట్టొద్దు. ఇప్పుడు నెలకొకసారి చాలు. నీళ్ల సంగతి కూడా మార్చాను: వాన నీటికి ఒక డ్రమ్ము, వేసవిలో ఏసీ పైపు కింద బకెట్. ఏసీ నీటిలో ఉప్పు ఉండదు. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం వాడకండి, బోరులో ఉన్న ఉప్పంతా అందులోనే చిక్కబడి ఉంటుంది.

సాయంత్రం పిచికారీ ఎందుకంటే, ఈ మొక్క ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను పులుపుగా, మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు ఎండలో దాన్ని వాడుకుంటుంది. ఎడారి మొక్కల పద్ధతి. పీహెచ్ స్ట్రిప్పులు ఎలాగూ ఉన్నాయి కదా అని ఒక ఆకు మొదలు ముక్క తెల్లవారుజామున నలిపి చూశాను, 4కు దగ్గరగా వచ్చింది. అదే ఆకు ఇంకో ముక్క సాయంత్రం నాలుగింటికి నలిపితే 5 దాటింది. ఈ డైరీలో ఎవరికీ పనికిరాని కొలత ఇదొక్కటే, నాకు బాగా నచ్చింది కూడా ఇదే.

లెక్క: మొక్కలు 9. అన్నభేది, నిమ్మ ఉప్పు 110, స్ట్రిప్పులు 150. మొత్తం రూ. 3,260.

దశ 4: ఆకులు లెక్కపెట్టడం (నవంబరు 2023 – సెప్టెంబరు 2024)

అనాస ఆకులు లెక్కపెట్టబోతే చుట్టూ తిరిగి మొదటికొస్తాం. నేను చేసింది: ప్రతి నెల ఒకటో తారీకున మొవ్వులో అన్నిటికంటే లేత ఆకుకు రంగు ఊలు దారం కట్టడం, నెలకో రంగు. రెండు రంగుల మధ్య ఉన్నవి ఆ నెల ఆకులు. దానితో పాటు పొడుగాటి ఆకు కొలవాలి. మొక్క ఆకులన్నీ రెండు చేతుల్తో పైకి కూడదీసి పట్టుకుంటే ఒకటి మిగతావాటిని దాటి నిలబడుతుంది. టేపు దానికే పెట్టాలి. ముళ్ల మొక్కైతే చేతికి గోనెసంచి చుట్టుకోండి.

నెలకు వచ్చిన కొత్త ఆకులు, పిలక మొక్కల సగటు:
- నవంబరు నుంచి జనవరి: ఒకటి, ఒకటిన్నర
- ఫిబ్రవరి, మార్చి: రెండు మూడు
- ఏప్రిల్, మే: ఒకటి
- జూన్ నుంచి సెప్టెంబరు: నాలుగు

ఎండాకాలంలో పెరుగుతుందనుకుంటాం గానీ 35 డిగ్రీలు దాటితే ఇది ముడుచుకు కూర్చుంటుంది. ఏప్రిల్ రెండో వారంలో పడమటి వైపు ఆకుల మీద తెల్లటి మచ్చలు పడి, కాగితంలా ఎండాయి. 50 శాతం షేడ్ నెట్ కట్టాను, పడమర వైపు పరదాలా కిందికి దింపి. జూన్ తొలకరి పడగానే తీసేశాను, ఎందుకంటే నీడలో ఉంచితే ఆకులు సాగుతాయి తప్ప బలం పట్టవు.

ఎరువు: కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొక్కకు ఏడాదికి నత్రజని 8, భాస్వరం 4, పొటాష్ 8 గ్రాములు చెప్తుంది. బస్తా లెక్కలోకి మారిస్తే యూరియా 17 గ్రాములు, సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్) 25, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 16. సూపర్ మొత్తం నాటేటప్పుడే మట్టిలో, మిగతా రెండూ నాలుగు దఫాలుగా, కింది ఆకుల సందుల్లో వేసి నీళ్లు చల్లడం. మొవ్వులో గింజ కూడా పడకూడదు, పడితే లేత ఆకు కాలిపోతుంది.

పిండినల్లి ఒకసారి వచ్చింది, ఆకు మొదళ్లలో తెల్లటి దూదిలా. దాన్ని మోసుకొచ్చేవి చీమలు. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టాను, ఇటుకల చుట్టూ చీమల మందు గీత గీశాను. పిండినల్లిని తేలిగ్గా తీసుకోకండి, తోటల్లో మొక్కలు వాడిపోయే తెగులు తెచ్చేది ఇదే.

లెక్క: మొక్కలు 9. షేడ్ నెట్ 680, ఎరువులు 240. మొత్తం రూ. 4,180.

దశ 5: పూత తెప్పించడం (సెప్టెంబరు ఆఖరు, 2024)

వదిలేస్తే అనాస చలికి పూస్తుంది. రాత్రులు చల్లబడి, పగలు కురచైనప్పుడు. కానీ ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో దాని ఇష్టం. హెక్టారుకు 40 వేల మొక్కలు వేసే కేరళ రైతుకు అది కుదరదు కాబట్టి ఒకేసారి పూయించడానికి ఎథిఫాన్ అనే మందు పోస్తారు. దాన్నుంచి వచ్చేది ఇథిలీన్ వాయువు. 19వ శతాబ్దంలో అజోర్స్ దీవుల్లో గాజు ఇళ్లలో అనాస పెంచేవాళ్లు పొగ తగిలితే మొక్క పూస్తుందని కనిపెట్టారు, పొగలో పనిచేసిందీ ఇథిలీనే.

పోసే ముందు 35–40 ఆకులు ఉండాలి. ఇది నిజమేనా అని చూడటానికి ఒక బక్క పిలకను, 27 ఆకులే ఉన్నదాన్ని, కావాలని కలిపాను. మొత్తం అయిదు మొక్కలకు ఎథిఫాన్. ఆరో పిలకకు అరటిపండ్ల పద్ధతి, మాగే అరటిపండు వదిలేదీ ఇథిలీనే. మూడు తల మొక్కల్ని చలికి వదిలేశాను.

మోతాదు 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 25 పాళ్లు. మార్కెట్లో దొరికే 39 శాతం మందుతో ఇంత పలచన నేరుగా కొలవలేం, రెండు మెట్లలో చేయాలి:

1. సిరంజీతో 1 మిల్లీలీటరు మందు తీసి లీటరు నీటిలో కలపండి. ఇది తల్లి ద్రావణం.
2. అందులోంచి 65 మిల్లీలీటర్లు తీసి, లీటరయ్యేదాకా నీళ్లు పోయండి.
3. యూరియా 20 గ్రాములు, కాల్షియం కార్బొనేట్ 0.4 గ్రాములు వేయండి. పుల్లటి నీటిలో ఎథిఫాన్ కదలకుండా ఉంటుంది, క్షారం తగిలితేనే ఇథిలీన్ వదులుతుంది. కార్బొనేట్ అందుకే. కలిపాక నిలవ ఉంచొద్దు.
4. చీకటి పడ్డాక మొక్కకు 50 మిల్లీలీటర్లు, నేరుగా మొవ్వులోకి.
5. ఆ రాత్రి, మర్నాడు వాన పడితే వారం ఆగి మళ్లీ పోయాలి.

చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లలు తిరిగే మిద్దె అయితే మందు సీసా తాళంలో ఉండాలి.

అరటిపండ్ల పద్ధతికి బాగా మాగిన పండ్లు రెండు మొక్క మొదట్లో పెట్టి, పెద్ద ప్లాస్టిక్ కవరు తొడిగి అయిదు రాత్రులు కట్టాను. పగలు కవరు తీసేయాలి. ఎండలో కవరు ఉంచితే మొక్క లోపలే ఉడికిపోతుంది.

ఎథిఫాన్ పోసిన అయిదూ నవంబరు మధ్యకల్లా మొవ్వులో ఎర్రటి మొగ్గ చూపించాయి. అరటిపండ్ల మొక్క మూడు వారాలు ఆలస్యంగా, కానీ పూసింది.

లెక్క: మొక్కలు 9, పూత 6. మందు 190, కార్బొనేట్ 30, సిరంజీ 10. మొత్తం రూ. 4,410.

దశ 6: పూత నుంచి కోత దాకా (నవంబరు 2024 – జులై 2025)

ఎర్ర మొగ్గ కాడతో పైకి లేచాక, కింది వరస నుంచి ఊదారంగు పూలు విచ్చుతాయి. ఒక పువ్వు ఒక్కరోజే. రోజూ కొన్ని చొప్పున పైకి ఎక్కుతూ డిసెంబరు చలిలో నెల దాకా పట్టింది. ఒక్కో పువ్వూ ఒక్కో కన్ను అవుతుంది, అవన్నీ కాడతో సహా అతుక్కుపోతేనే మనం తినే పండు. కళ్లు ఏటవాలుగా వరసలు తిరిగి ఉంటాయి, ఒకవైపు 8, ఇంకోవైపు 13. నా పండ్లన్నిటికీ సరిపోయింది.

ఒకే రకం మొక్కలు తమలో తాము పరాగం పట్టించుకోవు, అందుకే పండులో విత్తనాలుండవు. కానీ మేలో కోసిన ఒక క్యూ పండులో తొక్క దగ్గర ఆవగింజంత గట్టి గోధుమరంగు గింజలు పళ్లకు తగిలాయి. ఆలస్యంగా పూసిన అరటిపండ్ల మొక్క అది, దాని పక్క బకెట్లోని మారిషస్ కాస్త ముందుగానే పూత చూపింది. తేనెటీగలు రెంటి మీదా తిరిగాయి.

మార్చి నుంచి పండు కాపలా. బరువుకు కాడ ఒరిగి, ఒకే పక్క ఎండకు దొరుకుతుంది. కర్ర పాతి గుడ్డపీలికతో కట్టాను. పడమటి వైపు ఎండుగడ్డి కప్పి, మొక్క ఆకుల్నే పైకి లేపి చుట్టూ కట్టేశాను. తోటల్లో చేసేదీ ఇదే. ఎథిఫాన్ పండ్లు ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం లోపల తయారై గట్టెక్కాయి. చలికి పూసిన రెండు తల మొక్కలు మాత్రం మే ఎండకు పచ్చికాయలుగా దొరికిపోయాయి, ఒకదానికి గడ్డి గాలికి ఎగిరిపోయి, ఆ పక్క కళ్లు పసుపు తిరిగి, లోపల గుజ్జు స్పాంజిలా అయింది. సగం తీసి పారేశాం.

బరువులు, తలతో సహా కాదు, పండు ఒక్కటే. ఆకులు, పొడుగాటి ఆకు మందు పోసిన రోజువి:

- 41 ఆకులు, 78 సెం.మీ.: 1,480 గ్రా.
- 39 ఆకులు, 75 సెం.మీ.: 1,350 గ్రా.
- 36 ఆకులు, 76 సెం.మీ.: 1,290 గ్రా.
- 38 ఆకులు, 61 సెం.మీ.: 1,120 గ్రా.
- 27 ఆకులు, 49 సెం.మీ.: 520 గ్రా.
- అరటిపండ్లు, 37 ఆకులు, 70 సెం.మీ.: 1,060 గ్రా.
- తల మొక్కలు, చలి పూత: 780 గ్రా., 610 గ్రా. (ఎండదెబ్బ)

మూడు, నాలుగు వరసలు చూడండి. ఆకులు రెండు ఎక్కువున్నా పొట్టి ఆకు మొక్క ఓడిపోయింది. లెక్క ఒక్కటే చాలదు, టేపు కూడా పెట్టాలి. 27 ఆకుల బక్క మొక్క సంగతి ఇంకా స్పష్టం: మందు పోస్తే బక్క మొక్క కూడా పూస్తుంది, పూయించడం కష్టం కాదు, పూసిన రోజున దాని ఒంట్లో ఎంత ఉందో పండు అంతే. ఆ తర్వాత ఎంత ఎరువేసినా 520 గ్రాములు కిలో కాదు. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే అయ్యేదేమో.

కోత: అడుగు రెండు వరసల కళ్లు పసుపెక్కి వాసన వచ్చాక. అరటి, మామిడిలా కోశాక మాగదు, దీంట్లో పిండి దాచి ఉండదు కాబట్టి కోసిన రోజు తీపే ఆఖరు తీపి. రంగు మారుతుంది, మోసపోకండి. స్నేహితుడి బ్రిక్స్ మీటరుతో (తీపి కొలిచేది) చూస్తే పెద్ద పండు అడుగు ముక్క 16, పైముక్క 12. ఇంటికొచ్చినవాళ్లకు ఏ ముక్క పెట్టాలో మీ ఇష్టం.

లెక్క: పండ్లు 8, మొత్తం 8 కిలోల 210 గ్రాములు. ఖర్చు రూ. 4,410, అంటే కిలో 537. బండి మీద ఇంతకంటే పెద్ద పండు వంద లోపే వస్తుంది. బకెట్లు, నెట్, మట్టి ఇంకో పంటకు ఉంటాయి, అయినా డబ్బు కోసం అయితే ఈ పని పెట్టుకోవద్దు.

దశ 7: రెండో కాపు (ఆగస్టు 2025)

కాసిన మొక్క మళ్లీ కాయదు, దాని మొదట్లోంచి వచ్చే పిలక కాస్తుంది. ఒక్కో మొక్కకు రెండు మూడు వచ్చాయి.

1. బలమైనది ఒకటి తల్లి మీదే ఉంచాను. పండు కొంచెం చిన్నదవుతుంది గానీ వేరు వ్యవస్థ తయారుగా ఉంది కాబట్టి త్వరగా వస్తుంది. మొదలు చుట్టూ మట్టి ఎగదోశాను.
2. మిగతావి జానెడున్నర దాటాక మెలితిప్పి తీసి, వారం ఆరబెట్టి కొత్త బకెట్లలో. ఇప్పటికి తొమ్మిది పెట్టాను, అన్నీ క్యూ.
3. పూయని మూడో తల మొక్క ఇప్పుడు 34 ఆకులు, 66 సెం.మీ. సెప్టెంబరు ఆఖర్లో టేపు 70 చూపిస్తే దానికీ మందు పోస్తాను, లేకపోతే చలికి వదిలేస్తాను.